కీబోర్డులో ఎక్కించిన శాంపిళ్ళు పోకుండా చూసుకోవడం ఎలా

"నిన్న రాత్రి ఎక్కించిన సౌండ్లు ఏటైపోయాయి గురూ?" అమ్మవారి పండగల సీజనులో శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆర్కెస్ట్రాల్లో ఈ ప్రశ్న వినపడుతూనే ఉంటుంది. పక్కనున్నవాళ్ళు వెంటనే ఇచ్చే సలహా ఏమిటంటే "లోపల సెల్లు అయిపోయుంటుంది, మార్పించు" అని. చాలాసార్లు ఆ సలహా తప్పు. కొత్త సెల్లు వేయించినా మళ్ళీ అదే గొడవ వస్తుంది, ఎందుకంటే ఎక్కువ కీబోర్డుల్లో ఆ సెల్లుకీ మీరు ఎక్కించిన శాంపిళ్ళకీ (బయట రికార్డు చేసి కీబోర్డులో వేసుకునే శబ్దాలకీ) సంబంధమే లేదు. సెల్లు కాపాడేది వేరు, మనం పోగొట్టుకునేది వేరు. ఇది తేలకుండా స్క్రూడ్రైవరు పట్టుకుంటే పోనివి కూడా పోతాయి.

కాబట్టి ముందు లోపల ఏది ఎక్కడ ఉంటుందో చూద్దాం.

కంపెనీ వాళ్ళు ఫ్యాక్టరీలో ఎక్కించి పంపే పియానో, స్ట్రింగ్స్, తబలా లాంటివి రోమ్‌లో, అంటే మనం చెరపలేని మెమరీలో ఉంటాయి. వాటికి కరెంటుతో పనిలేదు, సెల్లుతో పనిలేదు. వాటి గురించి టెన్షన్ వద్దు.

ఆ తర్వాత సెల్లు మీద బతికే చిన్న మెమరీ, ఎస్‌ర్యామ్. పాత సింథసైజర్లలో మనం మార్చి దాచుకున్న టోన్లు (పియానో, ఫ్లూటు లాంటి ఒక్కో శబ్దం), వాటిని కలిపి చేసే కాంబినేషన్లు, ట్యూనింగు, మిడి (కీబోర్డు, కంప్యూటరు వైరుతో మాట్లాడుకునే పద్ధతి) సెట్టింగులు ఇందులోనే ఉండేవి. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7, 1987 నాటి రోలాండ్ డీ-50, 1988 నాటి కోర్గ్ ఎం1 అన్నీ ఈ పద్ధతివే. స్విచ్ ఆపాక లోపలున్న 3 వోల్టుల బిళ్ళ సెల్లు ఆ చిప్పుని మేలుకొలిపి ఉంచుతుంది. ఆ చిప్పు తాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ, అందుకే ఒక్క సెల్లు ఐదేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు కూడా వస్తుంది. అయితే అందులో పట్టే సరుకూ తక్కువే. డీఎక్స్7లో ఉన్న 32 టోన్లనీ మిడి ద్వారా బయటికి తీస్తే వచ్చే ఫైలు 4,104 బైట్లు. ఇక ఒక్క సెకను శాంపిల్‌కి పట్టేది 88,200 బైట్లు. ఆ చిన్న మెమరీలో శాంపిళ్ళు ఎందుకు పెట్టలేదో ఈ రెండు అంకెలు చూస్తేనే అర్థమవుతుంది.

మూడోది శాంపిల్ ర్యామ్. మనవాళ్ళ తలనొప్పులన్నీ ఇక్కడే. కంప్యూటర్లో ఉండే ర్యామ్ లాంటిదే ఇది, దీన్ని సెకనుకి ఎన్నోసార్లు రిఫ్రెష్ చేస్తూ ఉండాలి, అంత కరెంటు బిళ్ళ సెల్లు ఇవ్వలేదు. అందుకని స్విచ్ ఆపగానే పలక మీద తడిగుడ్డ పెట్టి తుడిచినట్టు మొత్తం పోతుంది. 1999 నాటి కోర్గ్ ట్రైటన్‌లో ఇలాంటి ర్యామ్ 16 ఎంబీ ఉండేది, 64 ఎంబీ దాకా పెంచుకోవచ్చు. 2010లో వచ్చిన యమహా మోటిఫ్ ఎక్స్ఎఫ్‌లో 128 ఎంబీ. ఎంత ఉన్నా ఆపితే ఖాళీ. ఇది రిపేరు కాదు, దాన్ని తయారు చేసిందే అలా. మీ కీబోర్డు ఈ రకమైతే ఎన్ని సెల్లులు మార్చినా, ఏ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళినా ఉపయోగం లేదు. పెన్ డ్రైవులోకో కార్డులోకో సేవ్ చేసుకుని, స్విచ్ వేసిన ప్రతిసారీ తిరిగి ఎక్కించుకోవాలి, అంతే.

నాలుగోది ఫ్లాష్ మెమరీ. మోటిఫ్ ఎక్స్ఎఫ్‌కి విడిగా కొనుక్కునే ఫ్లాష్ బోర్డులు ఉండేవి, వాటిలో పెట్టినవి ఆపినా పోవు. ఈమధ్యకాలపు అరేంజర్లలో (వెనక తాళం, వాద్యాలు తనే వాయించే కీబోర్డుల్లో) ఇది లోపలే వస్తుంది: యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్700లో ఎక్స్‌పాన్షన్ కోసం, అంటే కొత్త సౌండ్లు ఎక్కించుకోవడానికి, దాదాపు 400 ఎంబీ, ఎస్ఎక్స్900లో దాదాపు 1 జీబీ. సెల్లు అవసరమే లేదు. అలాగని నిశ్చింతగా ఉండొద్దు, తెలియక ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా, కొత్త ప్యాక్ (సౌండ్ల కట్ట) ఎక్కించేటప్పుడు పాతదాన్ని కలుపుకోవడం మరిచిపోయినా ఫ్లాష్‌లోవి కూడా తుడిచిపెట్టుకుపోతాయి.

వీటితోపాటు ఇంకో బాపతు ఉంది, పాత చిన్న కీబోర్డుల్లో కనిపిస్తుంది. లోపల బిళ్ళ సెల్లు ఉండదు. కింద వేసే పెద్ద బ్యాటరీలుగానీ, అడాప్టరుగానీ, రెండిట్లో ఏదో ఒకటి తగిలి ఉన్నంతవరకే మెమరీ నిలుస్తుంది. ఇలాంటిదాంట్లో బ్యాటరీలు మార్చాలంటే అడాప్టరు పెట్టి ఉంచి మార్చాలి. అడాప్టరు తీసేసి, పాత బ్యాటరీలు తీసి, కొత్తవి కొనడానికి బజారుకి వెళ్ళొస్తే అందులో దాచుకున్న పాటలూ సెట్టింగులూ ఉండవు.

మీది ఏ రకమో ఎలా తెలుస్తుంది?

మాన్యువల్ ఉంటే చూడండి, లేకపోతే ఒక రాత్రి కేటాయిస్తే తేలిపోతుంది. ముందు ముఖ్యమైనవన్నీ పెన్ డ్రైవులోకి తీసుకోండి. తర్వాత ఏదో ఒక చిన్న శబ్దం, చప్పట్లు కొట్టినా చాలు, శాంపిల్ చేయండి. ఇంకోపక్క ఒక మామూలు టోన్ తీసుకుని కొంచెం మార్చి, కొత్త పేరుతో యూజర్ నంబర్లలో (మనం దాచుకునే స్థానాల్లో) రైట్ చేయండి, అంటే లోపలి మెమరీలో రాయండి. కీబోర్డు ఆపేసి, అడాప్టరు పీకేసి, కింద బ్యాటరీలు ఉంటే అవీ తీసేసి, అలా వదిలేయండి. పొద్దున్న ఆన్ చేశాక టోన్, శాంపిల్ రెండూ ఉంటే మీది ఫ్లాష్, అదృష్టవంతులు. టోన్ ఉండి శాంపిల్ పోతే అది శాంపిల్ ర్యామ్ రకం, కీబోర్డు బాగానే ఉంది, అలవాటు మార్చుకోవాల్సింది మీరు. రెండూ పోతే అప్పుడు మాత్రం బిళ్ళ సెల్లుని అనుమానించండి, లేదా ఇందాక చెప్పిన పెద్ద బ్యాటరీల బాపతేమో చూడండి. శాంపిల్ ఉండి టోన్ ఒక్కటే పోయిందంటే రైట్ సరిగ్గా చేయలేదని, మళ్ళీ చేసి చూడండి.

సెకండ్ హ్యాండ్ కీబోర్డు కొనేవాళ్ళు కూడా ఇదే పరీక్ష అడగండి. వైజాగ్ వెళ్ళి కొంటున్నారనుకోండి, రాత్రంతా ఉండలేరు, కనీసం మీ ఎదురుగా ఒక టోన్ రైట్ చేయించి, వైరు పీకి, టీ తాగొచ్చేంతసేపు ఆగి ఆన్ చేయించండి. అమ్మేవాళ్ళు "వైరు పీకొద్దు" అని కంగారు పడితే విషయం అక్కడే తెలిసిపోతుంది.

ఎంత చోటు కావాలి

శాంపిల్ లెక్క వేసుకోవడం తేలిక, కానీ ఎవరూ వేసుకోరు. 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ (సీడీ నాణ్యత), మోనో (ఒకే ఛానెల్) అంటే సెకనుకి 88,200 బైట్లు, అంటే 86 కేబీ. నిమిషానికి 5 ఎంబీ పైచిలుకు. స్టీరియో అయితే దానికి రెట్టింపు. ఈ లెక్కన 16 ఎంబీలో మోనోగా 3 నిమిషాల 10 సెకన్లు పడుతుంది. ట్రైటన్ 48 కిలోహెర్ట్జ్‌లో తీసుకుంటుంది కాబట్టి అందులో అదే 16 ఎంబీకి 2 నిమిషాల 54 సెకన్లే వస్తాయి. ఇక 1.44 ఎంబీ ఫ్లాపీలో పట్టేది పదహారు సెకన్లు. పాతకాలం వాళ్ళు ఒక్క పియానో కోసం డబ్బాడు ఫ్లాపీలు ఎందుకు మోసేవారో ఇప్పుడు తెలిసిందిగా.

మన దగ్గర ఎక్కువమందికి కావాల్సినవి తప్పెటగుళ్ళు, జముకు, డప్పు, సన్నాయి. నెట్‌లో దొరికే ఇండియన్ ప్యాకుల్లో తబలా, ఢోలక్ బోలెడు ఉంటాయి కానీ తప్పెటగుళ్ళు దొరకవు, దొరికినా అది మన చెవికి తప్పెటగుళ్ళులా ఉండదు. అందుకని సొంతంగా రికార్డు చేసుకోవడమే మంచిది. కళాకారులకి ముందే విషయం చెప్పి, వాళ్ళ సమయానికి డబ్బిచ్చి చేయండి, పండగలో దూరం నుంచి ఫోన్ పట్టుకుని తీసింది ఎలాగూ పనికిరాదు, చుట్టూ జనం గోల ఉంటుంది. తప్పెటగుళ్ళు ఛాతీ మీద కట్టుకుని రెండు చేతులతో వాయిస్తారు కాబట్టి మైకు మరీ దగ్గర పెడితే చేతికి తగులుతుంది, కొంచెం ఎడంగా, గాలి తగలని గదిలో పెట్టండి. మెత్తటి దెబ్బ, గట్టి దెబ్బ, అంచు మీద దెబ్బ, ఇలా ఒక్కోటి నాలుగైదుసార్లు విడివిడిగా కొట్టించండి. కాలి గజ్జెలు మాత్రం వేరేగా తీసుకోండి, కలిసిపోతే తర్వాత విడదీయలేరు. ఒక్కో దెబ్బ సెకనులోపే ఉంటుంది, ముందూ వెనకా ఉన్న నిశ్శబ్దం కత్తిరించి మోనో చేస్తే నలభై దెబ్బలు కలిపినా మూడున్నర ఎంబీ దాటవు.

జముకు అలా కుదరదు. తీగ బిగువు మారుతున్నకొద్దీ శ్రుతి పైకీ కిందకీ జారుతుంది, ఆ జారుడే దాని ప్రాణం. ఒకే దెబ్బని శాంపిల్ చేసి కీబోర్డులోని అన్ని మెట్ల (కీల) మీద పరిస్తే బొమ్మ వాయిద్యంలా వస్తుంది. పైకి జారేది ఒకటి, కిందకి జారేది ఒకటి, నిలకడగా ఉండేది ఒకటి తీసుకుని పక్కపక్క మెట్లకి ఇవ్వండి. బొబ్బిలి వీణ శాంపిల్ చేయాలనుకుంటే చోటు ఎక్కువ కావాలి: ఆరేసి సెకన్ల చొప్పున పన్నెండు స్వరాలు తీస్తే మోనోలోనే 6 ఎంబీ దాటుతుంది. గమకాలు పిచ్ బెండుతో (శ్రుతిని జార్చే మీటతో) తెచ్చుకోవాలి, ఎంత బాగా చేసినా వీణ వాయించేవాళ్ళు విని పెదవి విరుస్తారు, పట్టించుకోవద్దు.

ఫోన్‌తో రికార్డు చేస్తే ఫైలు చాలావరకు ఎంపీ3 గానో ఎం4ఏ గానో వస్తుంది. ఎక్కువ కీబోర్డులు శాంపిల్‌గా తీసుకునేది వేవ్ (.wav) ఫైలునే. కంప్యూటర్లో ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ వేవ్‌గా మార్చుకోండి. ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో పొట్టిగా పెట్టండి, తెలుగులో పెడితే కీబోర్డు స్క్రీన్ మీద చెత్త కనిపిస్తుంది, అసలు కనిపించకపోనూవచ్చు.

సేవ్ చేయడంలోనే అసలు కిటుకు

రైట్ వేరు, సేవ్ వేరు. రైట్ అంటే కీబోర్డు లోపలి మెమరీలో రాయడం, సేవ్ అంటే బయటున్న పెన్ డ్రైవులోకో కార్డులోకో తీయడం. రైట్ కొట్టి "సేవ్ అయిపోయింది" అనుకుని వైరు పీకేసేవాళ్ళు బోలెడుమంది. అంతకంటే చిక్కైన సంగతి ఇంకోటి ఉంది: టోన్ ఒక చోట, ఆ టోన్ వాడుకునే శాంపిల్ ఇంకో చోట ఉంటాయి, రెండూ విడివిడిగా సేవ్ అవుతాయి. ట్రైటన్ ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలియాలి. అందులో పీసీజీ ఫైలులో ప్రోగ్రాములు, కాంబినేషన్లు, డ్రమ్ కిట్లు ఉంటాయి, శాంపిళ్ళు ఉండవు. శాంపిళ్ళు కేఎస్‌సీ అనే జాబితా ఫైలుతో, దాని పక్కనే ఉండే ఫోల్డరులోని ఫైళ్ళతో వస్తాయి. పీసీజీ ఒక్కటే కాపీ చేసుకుని ఊరెళ్ళితే టోన్ పేరు కనిపిస్తుంది, మెట్టు నొక్కితే శబ్దం రాదు. అందుకే "సేవ్ ఆల్" కొట్టండి, చోటు ఎక్కువ పట్టినా సరే.

కోర్గ్ పీఏ సిరీస్‌లో ఇదంతా ఎస్ఈటీ అనే ఫోల్డరుగా వస్తుంది, లోపల సౌండ్, స్టైల్, ప్యాడ్, పీసీఎమ్ లాంటి చిన్న ఫోల్డర్లు ఉంటాయి. శాంపిళ్ళు ఉండేది పీసీఎమ్ ఫోల్డరులో. కంప్యూటర్లో తెరిచి చూసి "ఇదేదో అనవసరం" అని అందులోంచి ఏదీ తీసేయకండి, లోపలి పేర్లు మార్చకండి. యమహా మోటిఫ్ లాంటివాటిలో సేవ్ చేసేటప్పుడు ఫైలు రకం అడుగుతుంది, అక్కడ "ఆల్" ఎంచుకోండి.

సేవ్ సరిగ్గా అయిందో లేదో తెలుసుకోవడానికి ఇందాకటి లెక్క పనికొస్తుంది. పెన్ డ్రైవు కంప్యూటర్లో పెట్టి మొత్తం ఫోల్డరు సైజు చూడండి. మీరు ఎక్కించిన శాంపిళ్ళు రెండు నిమిషాల మోనో అనుకోండి, కనీసం 10 ఎంబీ ఉండాలి. రెండొందల కేబీ చూపిస్తోందంటే శాంపిళ్ళు రాలేదు, టోన్లు మాత్రమే వచ్చాయి. ఫైళ్ళని కుదించి దాచే మోడళ్ళలో కొంచెం తగ్గొచ్చు కానీ మరీ అంత తేడా రాదు. ఆ తర్వాత కీబోర్డు ఆపి, ఆన్ చేసి, ఆ పెన్ డ్రైవు నుంచే తిరిగి ఎక్కించి వాయించి చూడండి. ఎక్కించి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్ అనను.

పెన్ డ్రైవు పెద్దది కొనాల్సిన పనిలేదు. చాలా కీబోర్డులు ఫ్యాట్32 ఫార్మాట్‌నే చదువుతాయి, విండోస్ మామూలు ఫార్మాట్ మెనూలో 32 జీబీ దాటిన డ్రైవుకి ఆ ఆప్షన్ ఇవ్వదు. 8 జీబీ, 16 జీబీ చాలు, వీలైతే కీబోర్డులోనే ఫార్మాట్ చేయండి. లైటు మెరుస్తుండగా పీకొద్దు. రెండు డ్రైవులు పెట్టుకోండి, ఒకటి కీబోర్డు సంచిలో, ఇంకోటి ఇంట్లో. కొన్ని మోడళ్ళలో ప్యాడ్‌లకి (నొక్కితే ఓ శబ్దం మోగే బటన్లకి) ఇచ్చిన ఆడియో నేరుగా పెన్ డ్రైవు నుంచే మోగుతుంది, దాంట్లో సినిమాలు చూద్దామని పట్టుకెళ్ళిపోతే స్టేజి మీద ప్యాడ్ నొక్కినా చప్పుడుండదు. ఇంకో మాట, ఫోల్డరుని స్నేహితుడికి వాట్సాప్‌లో పంపాలంటే జిప్ చేసి డాక్యుమెంట్‌గా పంపండి, ఆడియోగా పంపితే నాణ్యత తగ్గొచ్చు.

డీఎక్స్7 లాంటి బాగా పాత మోడళ్ళలో పెన్ డ్రైవు సంగతే లేదు కాబట్టి మిడి వైరు ద్వారా కంప్యూటర్లోకి సిస్‌ఎక్స్ డంప్ (టోన్లన్నిటి కాపీ ఫైలు) తీసుకోవాలి. చవకరకం యూఎస్‌బీ-మిడి వైర్లు పొడుగు డంపుల్ని మధ్యలో మింగేస్తాయి, అందుకే ఫైలు సైజు సరిచూసుకోండి, పైన చెప్పిన 4,104 బైట్లకి ఒక్కటి తగ్గినా పనికిరాదు. ఫ్లాపీల మీద ఆధారపడ్డవాళ్ళు మాత్రం ఇంక ఆలస్యం చేయొద్దు, మన సముద్రపు తేమకి వాటి మీద బూజు పడుతుంది. ఫ్లాపీ డ్రైవు స్థానంలో పెన్ డ్రైవు పెట్టుకునే ఎమ్యులేటర్లు దొరుకుతాయి, మీ మోడలుకి సరిపోతుందో కనుక్కుని వేయించండి.

స్టేజి మీద కరెంటు

శాంపిల్ ర్యామ్ ఉన్న కీబోర్డుకి ఒక్క క్షణం కరెంటు పోయినా చాలు. పందిట్లో లైన్ కరెంటు నుంచి జనరేటరుకి మార్చే ఆ రెండు సెకన్లలో మీరు గంట ముందు ఎక్కించినవన్నీ పోతాయి, మళ్ళీ ఎక్కించేదాకా గాయకుడు మైకు పట్టుకుని జనానికి కబుర్లు చెప్పాలి.

"కింద బ్యాటరీలు వేశాను కదా" అంటారు కొందరు. అది అన్ని మోడళ్ళలో పనిచేయదు. చిన్న కీబోర్డుల్లో చాలావాటికి అడాప్టరు పిన్ను దూర్చగానే లోపల బ్యాటరీల దారి తెగిపోతుంది. పిన్ను దూరి ఉండగా గోడ దగ్గర కరెంటు పోతే బ్యాటరీలు అందుకోవు. మీదేమిటో ఇంట్లోనే చూసుకోండి: బ్యాటరీలు వేసి, అడాప్టరు పెట్టి, కీబోర్డు ఆన్‌లో ఉండగా గోడ స్విచ్ ఆపండి. ఆగిపోతే ఆ బ్యాటరీలని నమ్ముకోవద్దు. కంప్యూటరుకి వాడే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండి, కీబోర్డు తాగేది చాలా తక్కువ కాబట్టి హాయిగా మోస్తుంది. ఇంట్లో ఇన్వర్టరు మీద ప్రాక్టీసు చేసేవాళ్ళు దాని మీద "యూపీఎస్ మోడ్" అనే స్విచ్ ఉందేమో చూసి అటు పెట్టండి, మామూలు మోడ్‌లో మారేటప్పుడు కాస్త ఎక్కువ ఆలస్యమవుతుంది, అది చాలు కీబోర్డు ఆగిపోవడానికి.

ఆటో పవర్ ఆఫ్ గురించి ఎవరూ చెప్పరు. యమహా చిన్న కీబోర్డుల్లో చాలావరకు 30 నిమిషాలు ఏమీ నొక్కకపోతే దానంతట అదే ఆగిపోయేలా సెట్ చేసి వస్తాయి. సౌండ్ చెక్ అయ్యాక నాయకుల ఉపన్యాసాలు, సన్మానాలు మొదలైతే అరగంటలో అవుతాయా? ఫంక్షన్ మెనూలోకి వెళ్ళి దాన్ని ఆఫ్ చేసేయండి.

అడాప్టరు మరిచిపోయి పక్కవాళ్ళది తీసుకునేటప్పుడు జాగ్రత్త. యమహా పోర్టబుల్ కీబోర్డులకి సాధారణంగా 12 వోల్టులు, లోపలి పిన్ను పాజిటివ్. రోలాండ్ అడాప్టర్లు ఎక్కువగా 9 వోల్టులు, లోపలి పిన్ను నెగటివ్, అంటే ఉల్టా. క్యాసియోలో పాతవాటికీ కొత్తవాటికీ తేడా ఉంది. పిన్ను దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు, కీబోర్డు వెనకున్న గుర్తు, అడాప్టరు మీదున్న గుర్తు కలిపి చూడండి.

పెన్సిల్ సెల్లులు వేసి వాయించేవాళ్ళు పాతవీ కొత్తవీ కలపొద్దు. రీఛార్జబుల్ వేస్తే ఒక్కోటి 1.2 వోల్టులే ఇస్తుంది కాబట్టి, సెట్టింగుల్లో బ్యాటరీ రకం అనే ఆప్షన్ ఉంటే రీఛార్జబుల్ అని మార్చండి, లేకపోతే మిగిలిన ఛార్జి తప్పుగా చూపిస్తుంది, హఠాత్తుగా ఆగిపోతుంది.

ఇక బిళ్ళ సెల్లు మార్చడం

స్క్రీన్ మీద బ్యాటరీ లో అని వస్తున్నా, రైట్ చేసిన టోన్ల పేర్లు పిచ్చి అక్షరాలుగా మారుతున్నా, సెట్టింగులు రోజూ మొదటికొస్తున్నా అప్పుడు సెల్లు సంగతి చూడాలి. ఎక్కువ కీబోర్డుల్లో ఉండేది సీఆర్2032. ఆ అంకెల అర్థం 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అని. కీబోర్డు దుకాణానికి వెళ్ళనక్కర్లేదు, కంప్యూటర్ మదర్‌బోర్డుల్లో వేసేదీ ఇదే, శ్రీకాకుళంలో గానీ పార్వతీపురంలో గానీ ఏ కంప్యూటర్ షాపులోనైనా "సీమోస్ సెల్లు" అంటే ఇస్తారు. మంచి కంపెనీది తీసుకోండి. ఎల్ఐఆర్2032 అని ఒకటుంటుంది, చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, అది రీఛార్జబుల్, వోల్టేజీ ఎక్కువ, దీంట్లో వేయకూడదు.

మొదట అన్నీ బయటికి సేవ్ చేయండి, సెల్లు తీసిన క్షణం ఎస్‌ర్యామ్‌లోవి పోతాయి. "ఆన్‌లో ఉంచి మారిస్తే పోవు" అని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. నిజమే, పోవు, కానీ 230 వోల్టులు నేరుగా లోపలికి వచ్చే కీబోర్డుల్లో పవర్ సప్లై బోర్డు చెయ్యి పక్కనే ఉంటుంది, చెయ్యి జారినా స్క్రూ జారినా ఆ టోన్ల కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టే. నేనైతే చేయను, మిమ్మల్నీ చేయమనను. వైరు పీకి, కింద బ్యాటరీలు తీసి, కాసేపు ఆగి తెరవండి, అప్పుడు కూడా పవర్ సప్లై బోర్డుని ముట్టుకోవద్దు.

మంచం మీద మందపాటి బొంత పరిచి, రెండు చివర్లా దిండ్లు పెట్టి, జాయ్‌స్టిక్కు, నాబ్‌లు నలగకుండా బోర్లించండి. స్క్రూలు ఒకే పొడుగు ఉండవు. కాగితం మీద కీబోర్డు బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి, పొడుగుది పొట్టి దాని చోట బిగిస్తే బోర్డుకి తగులుతుంది. అడుగు పలక ఎత్తేటప్పుడు రిబ్బన్ వైర్లు లాగకండి. ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

సెల్లు దొరికాక తీయకముందే మల్టీమీటరుతో చూడండి, డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి. కొత్తది 3.2 దాకా చూపిస్తుంది. 3 దగ్గరుంటే దోషం సెల్లుది కాదు, వేరే చోట వెతకాలి. 2.7 కంటే తగ్గితే మార్చేయండి. హోల్డరులో ఉంటే చెక్కపుల్లతోనో ప్లాస్టిక్ ముక్కతోనో పైకి లేపండి, ఇనుప స్క్రూడ్రైవరుతో లేపితే రెండు ధ్రువాలూ కలిసిపోయే ప్రమాదముంది. ప్లస్ గుర్తు పాతది ఎటుందో కొత్తదీ అటే.

పాత మోడళ్ళలో సెల్లుని బోర్డుకి సోల్డర్ చేసి ఉంచుతారు. అప్పుడు దుకాణంలో దొరికే మామూలు సెల్లుకి వైర్లు సోల్డర్ చేయబోకండి, వేడికి అది పగలొచ్చు. రేకు కాళ్ళతో వచ్చే సెల్లు తెప్పించుకోవాలి, లేదా పాతది విప్పి ఒక హోల్డరు సోల్డర్ చేయించుకోవాలి. నా ఓటు హోల్డరుకే, తర్వాతిసారి సోల్డరింగు గొడవ ఉండదు. ఆ పని చేతకాకపోతే టీవీలు బాగుచేసే మంచి మెకానిక్‌కి ఇవ్వండి, కీబోర్డులు తెలిసినవాడే కానక్కర్లేదు, చెయ్యి నిలకడగా ఉంటే చాలు.

మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ మీద చెత్త కనిపిస్తే కంగారుపడొద్దు, ఖాళీ మెమరీ అలాగే ఉంటుంది. ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేసి, తర్వాత మీ బ్యాకప్ ఎక్కించండి. సెల్లు మార్చిన తేదీ కాగితం మీద రాసి కీబోర్డు అడుగున అంటించండి.

తీసేసిన సెల్లుని మంచం మీద వదిలేయొద్దు. పిల్లలు మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది, పాతదైనా సరే. మింగారని అనుమానం వస్తే చాలు, రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. పారేసే ముందు రెండు వైపులా టేపు అంటించండి.

వానాకాలం, తుఫాను రోజులు

సీజను అయిపోయాక నెలల తరబడి వాయించకపోతే పెన్సిల్ సెల్లులు, టార్చిలైటు బ్యాటరీలు తీసి పక్కన పెట్టండి. కళింగపట్నం, భీమిలి లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో స్ప్రింగులు త్వరగా తుప్పు పడతాయి, దానికి తోడు సెల్లు కారితే ఇంక చెప్పక్కర్లేదు. ఆల్కలైన్ సెల్లు కారిన తెల్లటి పొడిని వెనిగరులోనో నిమ్మరసంలోనో ముంచిన దూదితో కొద్దికొద్దిగా తుడిచి, తర్వాత స్పిరిటుతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. లోపలి బిళ్ళ సెల్లు మాత్రం తీయొద్దు.

తుఫాను హెచ్చరిక వస్తే 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ చూసినవాళ్ళకి తెలుసు, కరెంటు ఎన్ని రోజులకి వస్తుందో ఎవరూ చెప్పలేరు. కరెంటు ఉండగానే సేవ్ ఆల్ కొట్టి, ఒక కాపీని నెట్‌లో గూగుల్ డ్రైవు లాంటిదాంట్లో పెట్టండి, పెన్ డ్రైవుని జిప్ కవరులో వేసి బీరువా పై అరలో పెట్టండి. కీబోర్డుని నేల మీంచి ఎత్తి, ప్లగ్గు తీసేసి, ప్లాస్టిక్ పట్టా కప్పండి. గాలులు తగ్గి కరెంటు వచ్చిన వెంటనే ఆన్ చేయకుండా ఒక పూట ఆగండి, వోల్టేజీ నిలకడ పడాలి, లోపల చేరిన తేమా ఆరాలి.